చెన్నపట్నమునుండి కాశికి ఎంత దూరము?

నూజివీటి మామిడితోటలలో రసాలు కోతకు వచ్చినపుడు రైతు దూరమును మైళ్లతో లెక్కింపడు. కోసిన కాయ మాగి, మెత్తబడి, చెడకముందే ఊరు చేరవలెను. కనుక అతనికి దూరమన్న దినములే. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాలమున అందరికిని లెక్క ఇదియే.

వారు 1830 మే 18న, మామిడిపండ్ల కాలముననే, చెన్నపట్నము విడిచి కాశికి బయలుదేరిరి. ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3న. ఈలోపల మరుసటేటి కాపు కూడ పండి ముగిసిపోయినది. మొత్తము 15 నెలల 15 దినములు.

వీరాస్వామయ్యగారు సుమారు 1780లో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. ఇంగ్లీషు నేర్చి, చిన్నవయసుననే కొలువులో చేరి, క్రమముగా చెన్నపట్నపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ అయిరి. సాక్షి తన భాషలో చెప్పిన మాటను దొరలకు ఇంగ్లీషున తెలుపుట దుబాసీ పని. ఒక్కమాట తప్పిన ఒకని ఆస్తియో ప్రాణమో పోవచ్చును. కంటబడినది పెంచక, తుంచక వ్రాయు అలవాటు వారికి అచటనే కలిగియుండునని నా తలంపు.

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని జనులు భావించిన దినములవి. వీరాస్వామయ్యగారి వెంట దాదాపు నూరుగురు పరివారము. అంతమంది ప్రాణములకు పూచీ వారిదే. పల్లకి మోయు బోయీలు ఎంత నడిచిన అంతయే ఆనాటి దూరము. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ: ఇది పోయిన దారి. వేసవిలో బయలుదేరినవారికి త్రోవలోనే వానలు తగిలినవి. నిండిన నదులకు వంతెనలు లేవు. పడవ దొరకినగాని ఆవలియొడ్డు లేదు. గంగపై మాత్రము కొంతదూరము పడవలే వాహనములు.

చెన్నపట్నమునుండి కాశికి ఆకాశమార్గమున సుమారు 1,400 కిలోమీటర్లు. జెట్ విమానమునకు రెండు, రెండున్నర గంటల పని. నూజివీటికి చేరువనున్న గన్నవరమునుండి లెక్కించిన సుమారు 1,000 కిలోమీటర్లే. కాని విమానమునుండి చూచువానికి ఏ ఊరి బావిలో మంచినీరున్నదో, ఏ సత్రమున చోటు దొరకునో తెలియవలసిన పనిలేదు. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి వ్రాసికొన్నవి ముఖ్యముగా ఇవియే: నీరు, అంగళ్లు, బస, బాట.

గయ, కలకత్తా, జగన్నాథము చూచి, తూర్పుతీరము వెంబడి మన తెలుగుసీమల మీదుగా వారు మరలి వచ్చిరి. అప్పటికి గోదావరికిగాని కృష్ణకుగాని ఆనకట్ట లేదు; ధవళేశ్వరముది 1852లో, బెజవాడది 1855లో పూర్తియైనవి. రెండేండ్లు తిరుగకమునుపే నందన కరువు వచ్చి ఈ సీమను పీల్చివేసినది. ఆకలితో చెన్నపట్నము చేరినవారికి అన్నము పెట్టించిన వదాన్యులలో వీరాస్వామయ్యగారొకరు.

వారు 1836లో మరణించిరి. దారిపొడుగున వ్రాసి పంపిన సంగతులను మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చువేయించిరి. అది ఇట్టి గ్రాంథికమున గాక, ఆనాడు నలుగురు మాటలాడుకొన్న తెలుగున ఉన్నది. 1869లో మరల అచ్చుపడి, పిదప చాలకాలము మరుగునబడిన ఆ గ్రంథమును 1941లో బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి ప్రకటించిరి. బడిలో భారతదేశపటము గోడకు తగిలించి, ఆ మజిలీలను ఒక్కొక్కటిగా గుర్తించిన పిల్లలకు కాశి ఎన్ని దినముల దూరమో తెలిసిపోవును.