ఇమాం గజాలీ – ఒక విద్వాంసుని వైరాగ్యము

శాస్త్రము చదువుట యొకటి, చదివినదానిని జీవితమున పండించుకొనుట యొకటి. ఈ రెంటికిని గల అంతరమును తన బ్రదుకే పణముగా నొడ్డి తెలిసికొన్న మహనీయుడు ఇమాం అబూ హామిద్ గజాలీ. ఆయన క్రీ.శ. 1058 ప్రాంతమున, నేటి ఇరాన్ దేశపు ఈశాన్యభాగమందలి తూస్ సీమలో జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతించెను. అవసానకాలమున ఆ తండ్రి, గజాలీని, సోదరుడగు అహమ్మదును ఒక సూఫీ మిత్రున కప్పగించెనని ప్రతీతి.

గజాలీ పరదేశమున కొంత చదివి ఇంటికి మరలుచుండగా దొంగలు దారికాచి మూట దోచుకొనిరట. గురుముఖమున విన్న పాఠములు వ్రాసికొన్న కాగితములు అందుండెను. వానిని మాత్రము తిరిగి యిమ్మని వేడగా, దొంగల నాయకుడు నవ్వి, దొంగిలింప వీలైన విద్య విద్య యెట్లగునని యడిగెనట. పిమ్మట మూడేండ్లు శ్రమించి గజాలీ ఆ పాఠముల నన్నిటిని కంఠస్థ మొనర్చెను.

తరువాత నైషాపూరున జువైనీ అను ఆచార్యుని కడ ధర్మశాస్త్రమును, తర్కమును అభ్యసించెను. సెల్జూక్ ప్రభువుల మంత్రి నిజాముల్ముల్క్ ఆయన ప్రతిభను మెచ్చి, 1091లో బాగ్దాదు నగరమందలి నిజామియా విద్యాపీఠమున ఆచార్యునిగా నియమించెను. మూడువందల మంది శిష్యులు ఆయన పాఠము వినుచుండిరి.

కీర్తిశిఖరమున నుండగనే మనస్సున సంశయము మొలచెను. తన బోధ భగవత్ప్రీతికా, లోకఖ్యాతికా యని తన్ను తాను పరీక్షించుకొని, ఖ్యాతికే యని గ్రహించెను. పదవి వీడవలెనని ఉదయమున నిశ్చయించుకొనును; సాయంకాలమునకు ఆ నిశ్చయము సడలును. ఇట్లు నెలలు గడచెను. 1095లో ఒకనాడు పాఠము చెప్పబోవ నాలుక కదలలేదు. అన్నము సహింపలేదు. ఇది హృదయమున పుట్టిన వ్యాధి, మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తిరి. అప్పుడాయన అనన్యగతికుడై భగవంతుని శరణుజొచ్చెను. అంతవరకు విడువరానివని తోచిన ధనము, పదవి, పరివారము విడుచుట సుకరమయ్యెను. బిడ్డల పోషణకు చాలినంత యుంచి, తక్కిన సొమ్ము పంచిపెట్టి బాగ్దాదు వీడెను.

డమాస్కసులో మసీదు మీనారు నెక్కి, తలుపు మూసికొని, పగలెల్ల ఏకాంతధ్యానమున గడపెను. జెరూసలేమును, మక్కా మదీనాలను దర్శించెను. నలుబది భాగముల ఇహ్యా ఉలూముద్దీన్ అను మహాగ్రంథము ఈ వైరాగ్యదశలో వెలసినదే. హృదయము అద్దము వంటిదనియు, దురాశలచే మాసిన అద్దమున దైవజ్యోతి ప్రతిఫలింపదనియు, దానిని తుడుచుటయే సాధన మనియు ఆయన బోధించెను. బాహ్యాచారమును ఆయన నిరసింపలేదు. అంతఃశుద్ధియే దానికి ప్రాణమనెను. ఆరోగ్యలక్షణములు వల్లించినంతమాత్రమున రోగి ఆరోగ్యవంతుడు కానట్లే, వైరాగ్యమును వర్ణించినవాడెల్ల విరాగి కాజాలడని ఆయన భావము.

1106లో నైషాపూరున మరల బోధకు పూనుకొనెను. పూర్వము కీర్తి తెచ్చు విద్యను నేర్పితిననియు, ఇప్పుడు కీర్తిని విడిపించు విద్యను నేర్పుచున్నాననియు తానే చెప్పుకొనెను. తుదకు తూస్ చేరి, శిష్యులతోను సూఫీ సాధకులతోను కాలము గడపి, 1111 డిసెంబరులో దేహము చాలించెను.

దొంగ కాగితములను హరించెను. వ్యాధి వాక్కును హరించెను. ఆ రెంటికిని అందక మిగిలినది హృదయమున నెలకొన్న దైవచింతన యొక్కటియే. అట్టిదానిని చేకూర్చు విద్యయే విద్య యని ఈ మహనీయుని చరిత్రము మనకు తెలుపుచున్నది.