పైరుమార్పిడి నేర్పిన ఆచార్యుడు

1864 ప్రాంతమున అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రమున ఒక బానిస తల్లికి జార్జి వాషింగ్టను కార్వరు జన్మించెను. శైశవముననే తల్లికి దూరమయ్యెను. నల్లవాడను కారణమున ఒక కళాశాల ప్రవేశము నిరాకరించెను. ఐనను బట్టలుతికి పొట్టపోసికొనుచు చదివి, 1896లో అయోవాలో వ్యవసాయశాస్త్రమున ఉన్నతపట్టమును బడసెను.

ఆ యేడే బుకర్ వాషింగ్టను ఆహ్వానముపై అలబామాలోని టస్కీగీ విద్యాలయమున జేరెను. అచ్చటి నేలలు ఏటేట ప్రత్తి వేయుటచే నిస్సారములై యుండెను. షావుకారు ప్రత్తిమీదగాని అప్పీయడు. అప్పు తీరక కౌలుదారు ప్రత్తిని మానలేడు. ప్రత్తితో అలసంద, వేరుసెనగలను మార్చి వేయవలెనని కార్వరు బోధించెను. వాని వేళ్లబుడిపెలు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు బలమిచ్చును. ఎరువు కొనలేనివారికి అడవి ఆకులను, చిత్తడిమంటిని ఎరువుగా వాడు విధము చూపెను. బడికి రాజాలని రైతుకొఱకు 1906లో బడినే బండికెక్కించి పల్లెలకు పంపు ఏర్పాటు గావించెను. సులభశైలిలో 40కి పైగా చిన్నపుస్తకములు ప్రకటించెను. కూడబెట్టిన ధనమును పరిశోధనకు ధారపోసి 1943లో దివంగతుడయ్యెను.

మనము వేరుసెనగను గ్రహించితిమి, పాఠమును విడిచితిమి. అనంతపురపు మెట్టలలో దశాబ్దములపాటు ఏటేట ఆ పైరే వేయబడెను. కార్వరు నేర్పినది ఒక పైరును గాదు, పైరుమార్పిడిని. ఆ జ్ఞానము కౌలుదారుని పొలముగట్టు చేరనిచో కళాశాలలెన్ని యున్నను నేల కోలుకొనదు. ఒక్క యేటికే కౌలిచ్చు భూస్వాములు యోచింపవలెను: మరుసటి యేటి సారమును కాపాడువాడెవడు?