ప్రకృతి శోధకుడు కోనిగ్

పెరటిలోని కరివేప మొక్కను దగ్గరగా చూస్తే లేత ఆకుల మీద ఒక్కొక్కప్పుడు పక్షి రెట్టలాంటి మచ్చ కనిపిస్తుంది. పుల్లతో తాకితే అది కదులుతుంది. తల వెనుక నుండి ఎర్రని కొమ్ముల జంటను బయటకు చాచి, ఘాటైన వాసన వదులుతుంది. అది ఒక గొంగళిపురుగు. కొద్దిరోజులలో అది ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. తరువాత సన్నని దారంతో తనను తాను కొమ్మకు కట్టుకొని గూటిపురుగు అవుతుంది. ఇంచుమించు నెల తిరిగేసరికి నల్లని రెక్కల సీతాకోకచిలుకగా ఎగిరిపోతుంది. ఆకులన్నీ తినిపోయిందని ఇంట్లో పెద్దలు విసుక్కోవడం మామూలే.

బళ్లారి ప్రాంతపు పిల్లలకు ఈ ప్రాణికి ఒకటికి మించి పేర్లు తెలుసు. ఇంట్లో సీతాకోకచిలుక, వీధిలో చిట్టె. ఉత్తర కర్ణాటకలో దీనినే పాతరగిత్తి అని కూడా అంటారు. మొక్కకూ అంతే. మనకు కరివేప, కన్నడంలో కరిబేవు. శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు వాడే పేరులో మాత్రం ఒక మనిషి పేరు దాగి ఉన్నది. ఆ మనిషి జొహాన్ గెర్హార్డ్ కోనిగ్.

కోనిగ్ 1728లో ఐరోపాలోని లివోనియా అనే ప్రాంతంలో జన్మించారు. నేటి లాట్వియా, ఎస్టోనియా దేశాలు ఉన్నచోటు అది. ఆయన స్వీడన్ వెళ్లి లిన్నేయస్ అనే మహాశాస్త్రవేత్త వద్ద శిష్యరికం చేశారు. ప్రతి మొక్కకూ, ప్రతి జంతువుకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచినవారు లిన్నేయస్. వేలకొద్దీ పేర్లు కావలసివచ్చినప్పుడు ఆయన గ్రీకుల ఇతిహాసాన్ని ఆశ్రయించారు. ట్రాయ్ యుద్ధంలోని వీరుల పేర్లను పెద్ద సీతాకోకచిలుకలకు పంచిపెట్టారు. ఎర్రని మచ్చలు గల ఒక నల్లని సీతాకోకచిలుకకు ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ పేరు వచ్చింది. మన కరివేప మీద పెరిగేదానికి హెక్టర్ తమ్ముడు పోలిటెస్ పేరు దక్కింది.

ఎవరి ఇతిహాసం వారిది. తెలుగువారు ఆ రెక్కలలో సీతమ్మవారి కోకను చూశారు. స్వీడన్ పండితునికి వాటిలో యోధులు కనిపించారు. ప్రాచీన గ్రీకులైతే ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకే మాట వాడారు. చైనాలో, బ్రతికి ఉండగా ఒకటి కాలేకపోయిన ప్రేమికులు సీతాకోకచిలుకల జంటగా మారారనే కథ ప్రసిద్ధం.

అయితే లిన్నేయస్ చూసినవి దూరదేశాల నుండి వచ్చిన ఎండిన రెక్కలే. అందువల్ల ఒక చిక్కు వచ్చిపడింది. ఒకే జాతిలోని మగదానికి పామన్ అని, ఆడదానికి పోలిటెస్ అని 1758లో ఆయన వేరువేరు పేర్లు పెట్టారు. ఆ ఆడవాటిలో కొన్ని మగవాటిని పోలక, చేదు మేసిన వేరే సీతాకోకచిలుకల వేషం వేసుకొని పక్షులను మోసగిస్తాయి. ఈ సంగతిని 1865లో ఆల్ఫ్రెడ్ వాలెస్ వివరించారు. ఎంతటి పండితుడైనా బల్ల ముందు కూర్చొని తెలుసుకోలేనివి కొన్ని ఉంటాయి. ప్రాణి బ్రతికే చోటికి ఎవరో ఒకరు వెళ్లక తప్పదు. కోనిగ్ అలా వచ్చినవారే.

1768లో ఆయన తమిళ తీరంలోని తరంగంబాడికి వైద్యుడుగా చేరుకున్నారు. అప్పుడది డేనిష్ వారి స్థావరం. వైద్యం చేస్తూనే మొక్కలు, పురుగులు సేకరించేవారు. ఆయన పంపిన కరివేపకు గురువు 1771లో శిష్యుని పేరే పెట్టారు. కానీ వచ్చే జీతం ఆయన ప్రయాణాలకు చాలేది కాదు. 1774లో ఆర్కాటు నవాబు కొలువులో, 1778లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరారు. ఓడనెక్కి సయాం, మలక్కా కూడా చూసివచ్చారు.

కోనిగ్ పంపిన పురుగులను, వాటిలోని సీతాకోకచిలుకలను డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ పరిశీలించి పేర్లు పెట్టారు. 1775లో ఫాబ్రీషియస్ పేరు పెట్టిన సీతాకోకచిలుకలలో ఒకదాని పేరులో ఈశ్వరి తీగ పేరు ఉన్నది. దాని గొంగళిపురుగు ఈశ్వరి ఆకు తిని చేదెక్కుతుంది. పక్షులు దాని జోలికి పోవు. కరివేప మీది ఆడసీతాకోకచిలుక అనుకరించేది దీనినే. ఐరోపాలో కూర్చున్నవారికి ఆ తీగ సంగతి ఎలా తెలుస్తుంది? తీగ దగ్గర నిలిచి చూసినవారెవరో చెప్పి ఉండాలి కదా!

చెదపురుగులపై కోనిగ్ వ్రాసిన వ్యాసం 1779లో అచ్చయింది. అందులో పుట్టల నిర్మాణంతోపాటు ఇక్కడి పల్లెప్రజలు ఉసుళ్లను పట్టే ఉపాయం కూడా వివరించారు. పుట్టకు గాలివాటు చూసి రెండు రంధ్రాలు చేస్తారు. ఒకవైపు పొగ పెడితే ఉసుళ్లు రెండోవైపున ఉంచిన కుండలలోకి వచ్చిపడతాయి. చదువురాని పల్లెవారి ఉపాయమని ఆయన దానిని తీసివేయలేదు. చూసింది చూసినట్లు వ్రాసుకున్నారు.

ఆయన చివరి ప్రయాణం తెలుగునేల మీదనే సాగింది. విశాఖపట్నంలో పాములను పరిశోధిస్తున్న ప్యాట్రిక్ రస్సెల్‌ను కలుసుకున్నారు. తరువాత రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. సామర్లకోటలో ఉంటున్న మిత్రుడు, వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ వచ్చి చికిత్స చేసినా ఫలితం లేకపోయింది. 1785 జూన్‌లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూశారు. పదిహేడు సంవత్సరాల శ్రమ అప్పటికి చాలావరకు వ్రాతప్రతులలోనే ఉన్నది. ఆ కాగితాలన్నీ ఆయన కోరిక ప్రకారం లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. మొక్కలపై గాని, పురుగులపై గాని తన పేర ఒక పెద్ద గ్రంథం వెలువడటం ఆయన చూడలేదు.

కంపెనీలో ఆయన ఉద్యోగం రస్సెల్‌కు, ఆ తరువాత రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. కోరమాండల్ తీరపు మొక్కలపై రాక్స్‌బర్గ్ వ్రాసిన గొప్ప గ్రంథం 1795 నుండి భాగాలుగా వెలువడింది. అందులో మొక్కల శాస్త్రీయ నామాలతోపాటు తెలుగు పేర్లు కూడా ముద్రించారు.