శ్రీకృష్ణుడు శకునియైన వేళ

చిలకలపూడి సీతారామాంజనేయులుగారు తెలుగువారికి సి.ఎస్.ఆర్. అను మూడక్షరములుగానే పరిచితులు. 1907లో జన్మించి 1963లో గతించిన ఆ నటుని కళాజీవితమునకు రెండు పాత్రలు రెండు గట్లవలె నిలిచినవి. 1936లో వెలువడిన ద్రౌపదీ వస్త్రాపహరణములో ఆయన శ్రీకృష్ణుడు. 1957 నాటి మాయాబజారులో ఆయనయే శకుని. కపటద్యూతము వలన నిండుసభలో అవమానము పాలైన సాధ్వి నాదుకొన్న చేయియే, 21 సంవత్సరముల తరువాత ఆ పాచికలను పుచ్చుకొన్నది.

ఈ మార్పు వెనుక కాలధర్మ మొకటి కలదు. 1932లో తెలుగు టాకీ పుట్టిన నాటినుండి కొన్ని యేండ్లపాటు నాటకరంగము నుండి వచ్చినవారే వెండితెర నేలినారు. పద్యము పాడగల కంఠము, స్ఫుటమైన వాక్కు నాయకునికి ముఖ్యార్హతలు. ఆ రెండును సి.ఎస్.ఆర్.కు పుష్కలముగా నుండెడివి. రంగస్థలముపై కృష్ణపాత్రతో పేరందిన ఆయన, 1939లో శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యములో సాక్షాత్తు ఏడుకొండలవాడైనారు. కాని తరువాతి దశకములో నేపథ్యగానము వ్యాపించినది. నటుడే పాడవలెనన్న నియమము సడలినది. 1950 నాటికి నందమూరి, అక్కినేని వంటి యువకులు నాయకులైనారు. మునుపటి గాయకనటులలో పలువురు తెరమరుగైనారు.

సి.ఎస్.ఆర్. మాత్రము తప్పుకొనలేదు. నాయకుని పీఠము దిగి, గుణచిత్రణకు అవకాశమున్న ఉపపాత్రలను స్వీకరించినారు. పాతాళభైరవిలో (1951) ఉజ్జయినీ మహారాజు, దేవదాసులో (1953) పార్వతి భర్తయైన జమీందారు, కన్యాశుల్కములో (1955) రామప్పపంతులు: ఈ మువ్వురిలో ఒకరి పోలిక మరియొకరికి లేదు. ఈడుమీరి పెండ్లాడిన జమీందారును దుష్టునిగా చూపుట సులభము. ఆయన ఆ పాత్రకు వయసుకు తగిన గాంభీర్యమును, ఇంటిపెద్దకు తగిన మర్యాదను ఇచ్చినారు. ద్వేషించుటకైనను వీలులేని ఆ భర్త యెదుట పార్వతి దుఃఖము మరింత బరువెక్కినది. రామప్పపంతులో, వ్యాజ్యములపై బ్రతుకుచు మధురవాణి యెదుట గొప్పలు చెప్పుకొను డాంబికుడు. అక్కడ ఆ గాంభీర్యము జాడయైనను కానరాదు.

ఈ మార్పులన్నిటికిని మూలము ఆయన కంఠమే. పద్యమును ఎత్తి పలికిన ఆ గొంతునే తగ్గించి, మాటను సాగదీసి, చివర చిన్న నవ్వు చేర్చెడివారు. దేవుని ముఖమున ప్రసన్నమై తోచిన ఆ చిరునవ్వే శకుని పెదవిపై విషమైనది. మాయాబజారులో శకుని సత్యపీఠముపై నిలిచి, మనసులోని కుట్రను తనకు తెలియకుండనే వెళ్ళగ్రక్కును. కపటి నోట నిజము వెలువడు ఆ ఘట్టములో నవ్వును, ఏవగింపును ఒక్కసారిగా పుట్టించుట సామాన్యుల పని కాదు. 1961లో జగదేకవీరుని కథలో ఆయన మంత్రియైనారు. రాజుగారి దుర్బుద్ధికి వినయముగా ఆజ్యము పోయు ఆ మంత్రి, శకునికి తోబుట్టువై యుండియు శకుని కాడు.

మాయాబజారును తలచువారు మొదట కృష్ణుని, ఘటోత్కచుని కీర్తింతురు. శకునిని చూచి నవ్వుకొందురు. ఆ శకుని ఒకనాడు శ్రీకృష్ణుడై ద్రౌపదికి చీర లిచ్చినాడని ఎరిగినవారు అరుదు. సి.ఎస్.ఆర్. తన పాతవైభవమును కొత్తపాత్రలలో ఎన్నడును అడ్డు రానీయలేదు. ఆయన మరపునకు వచ్చుటకు కారణ మదియే. ఆయన పాత్రలు మరపునకు రాకుండుటకును కారణ మదియే.