యల్లాప్రగడ సుబ్బారావు

కంటికి కనబడని జీవులు మన యిండ్లలో నిత్యము పనిచేయుచునే యున్నవి. రాత్రి తోడు వేసిన పాలను తెల్లవాఱుసరికి పెరుగుగా మార్చునవియు, ఇడ్లీపిండిని పొంగించునవియు, కల్లును పులియబెట్టునవియు అవియే. అట్టి జీవులచేత ప్రాణములను నిలుపు మందులను చేయించిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువాడొకడు కలడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూశాఖలో ఉద్యోగి. వ్యాధివలన ఉద్యోగమును ముందుగానే విడువవలసివచ్చెను. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. బాల్యమున ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడేండ్ల ప్రాయమున ధనము సంపాదింపవలెనని, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొనదలచి, ఇల్లు విడిచి బయలుదేరెనట! తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో వేసెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పి దిగులుపడు విద్యార్థులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమువారు వైద్యము నేర్చి దీనులకు సేవచేయుట మేలని హితవు చెప్పిరి. అందుచే మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. ఆ చదువునకు ధనసహాయము చేసినవారిలో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ముఖ్యుడు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావునకు వివాహమయ్యెను. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి సైతము ఖద్దరు ధరించి పోగా, ఆంగ్లేయుడైన ఆచార్యునకు కోపము వచ్చెను. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు; అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసివచ్చెను.

ఆ యౌవనదినములలోనే ఆ యింటిమీద పిడుగు పడెను. సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరివెంట నొకరు మరణించిరి. ఇద్దరిని కబళించినది స్ప్రూ అను వ్యాధి. మన వైద్యులు సంగ్రహణి యనునది ఇట్టిదే. తిన్న ఆహారము వంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి ఎండిన కట్టెవలె నగును. సుబ్బారావునకు కూడ ఆ వ్యాధి రాగా డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయనను బ్రదికించెను. తాను బ్రదికెను, సోదరులు బ్రదుకలేదు. ఆ వ్యాధికి సరియైన మందు ఏది? ఈ ప్రశ్న ఆయనను విడువలేదు.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము ఉపన్యాసకుడుగా నుండి, మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను ఆయన అమెరికాకు పయనమయ్యెను. కొలది యేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చి, 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరెను. తరువాత ఇచట పుట్టిన కుమారుడు శైశవమందే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పనిచేసెను. పిదప సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేర అది లోకమంతట వాడుకలోనికి వచ్చెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి. అను పదార్థమును 1929లోను వారు కనుగొనిరి. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనాలయమునకు తరలిపోయి, అనతికాలములో పరిశోధనలన్నిటికి అధిపతి యయ్యెను.

ఇచటనే సూక్ష్మజీవులు ఆయనకు తోడు వచ్చినవి. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీస్త్రీలకు వచ్చు ఒకవిధమైన రక్తహీనత ఈస్టుసారముతో కుదురునని తెలిపెను. ఆ గుణమిచ్చు పదార్థము ఈస్టులోను, పశువుల కాలేయములోను, ఆకుకూరలలోను ఉన్నది. ఆకు అను నర్థముగల లాటిన్ పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చెను. అయితే దానిని పట్టుటెట్లు? బండెడు కాలేయమును వడపోసినను చిటికెడైనను లభింపదు. ఏ పాత్రలో అది ఎంత యున్నదో తెలుపుటకు లాక్టోబాసిలస్ కేసీ అను చిన్న బాక్టీరియా అక్కఱకు వచ్చెను. ఆ పదార్థము లేనిదే అది పెరుగదు. అది యెంత పెరిగినదో చూచి పదార్థమెంత గలదో లెక్కించుచుండిరి. త్రాసుముల్లు చేయవలసిన పనిని ఒక ప్రాణి చేసెనన్నమాట!

తరువాత మఱియొక బాక్టీరియా పులియుచున్న తొట్టిలో తనంతట తానే ఈ జాతి పదార్థమును తయారుచేయుచున్నట్లు సుబ్బారావు బృందము గుర్తించెను. కాలేయమునుండి తీసినదానిని, తొట్టినుండి తీసినదానిని పోల్చి దాని నిర్మాణమును తెలిసికొని, 1945లో ఫోలిక్ ఆమ్లమును రసాయనశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూడగా వారి రక్తము కోలుకొనెను, ఆకలి పుట్టెను, తిన్నది ఒంటబట్టెను. పురుషోత్తము, కృష్ణమూర్తి గతించిన ఇన్ని యేండ్లకు వారి వ్యాధికి మందు చేతికి వచ్చినది.

అన్నియు ఫలించినవని చెప్పరాదు. కాలేయసారముతో మాత్రమే కుదురు మఱియొక దారుణమైన రక్తహీనతకు కూడ మందు కనుగొనవలెనని ఆయన ఏండ్లతరబడి శ్రమించెను. ఫోలిక్ ఆమ్లము ఆ రోగుల రక్తమును బాగుచేసెనుగాని నరముల క్షీణతను ఆపజాలలేదు. దానికి అసలు మందైన బి12 విటమిను 1948లో ఇతరులకు చిక్కెను. దానిని సైతము నేడు బాక్టీరియాలే తయారుచేయుచున్నవి.

యుద్ధకాలమున పెన్సిలిన్ ఖ్యాతి కెక్కగా, దానికి లొంగని రోగములను కుదుర్చు బూజుజాతులకై లెడర్లీలో వెదకసాగిరి. విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని, డెబ్బదేండ్లు దాటినవానిని, ఆ పనిలో నియమించిరి. పలుచోట్లనుండి మట్టి తెప్పించిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములో 23వ మడినుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల ఒక జీవి 1945లో దొరకెను. అదియే స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. అది స్రవించు పసుపుపచ్చని మందునకు ఆరియోమైసిన్ అని పేరిడిరి.

దొరకుట ఒక యెత్తు, దానిచేత పనిచేయించుట మఱియొక యెత్తు. పెద్ద ఉక్కుతొట్టిలో చక్కెర, మొక్కజొన్నలు నానిన నీరు, సుద్ద మున్నగునవి కలిపి, ఆవిరితో కాచి, ఇతర జీవి ఒక్కటియు లేకుండ చేయవలెను. చల్లార్చి, కోరిన జీవిని మాత్రమే వేసి, శుభ్రమైన గాలిని ఊదుచు, వేడిమి తప్పకుండ కాపాడవలెను. పరాయి జీవి ఒక్కటి చొరబడినను తొట్టి అంతయు పాడగును, పెరుగు విఱిగినట్లే. ఈ పద్ధతి మందులకే పరిమితము కాదు. 1926లో పారిస్‌లో మారిస్ లెమోయిన్ అనునాతడు ఒక బాక్టీరియా తన శరీరములో క్రొవ్వువలె దాచుకొను ప్లాస్టిక్కువంటి పదార్థమును కనుగొనెను. నేడు అట్టి ప్లాస్టిక్కును తొట్లలో తయారుచేయుచున్నారు. చెఱకు మడ్డినుండి, నూకలనుండి ఈస్టు చేయు ఇథనాలును మనదేశమున పెట్రోలులో కలుపుచున్నారు.

ఆరియోమైసిన్‌ను 1948 జూలైలో లోకమునకు వెల్లడించిరి. పెన్సిలిన్‌కు లొంగని పెక్కు రోగములు దీనికి లొంగినవి. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు ఇది పెద్దబిడ్డ. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము పుట్టినపుడు జనులకు పంచినవి ఆ కుటుంబపు మాత్రలే.

బోదకాలు వ్యాధికై దశాబ్దములపాటు మన జిల్లాలలో ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రయు ఆయన బృందము కనుగొన్నదే. ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినాప్టెరిన్‌ను వారే చేసి యీయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరుతో నున్న పిల్లలకు తొలిసారి తాత్కాలికముగనైన ఉపశమనము కలిగించెను. పత్రికలలో తన పేరు పడవలెనని సుబ్బారావు కోరలేదు. సహచరులను ముందునకు నడిపి తాను వెనుక నిలిచెడివాడు. మనవారిలో అనేకులకు ఆయన పేరే తెలియకపోవుటకు ఇదియు నొక కారణమేమో!

ఆరియోమైసిన్‌ను వెల్లడించి నెల తిరుగకముందే, 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రించిన సుబ్బారావు మఱి లేవలేదు. వయస్సు 53 సంవత్సరములు. స్వదేశమునకు తిరిగిరాలేదు, శేషగిరి ఆయనను మరల చూడలేదు.

ఆయన మరణానంతరము, 1953లో, ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణము చేసిరి. అది మురుగునీటిని శుద్ధిచేయు రాళ్ళ పాన్పులపై పెరుగుచుండును.