చేతికి తగలని గడ్డను ఎక్స్‌రేలో చూసిన సలోమన్

రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలో పసిగట్టే మామోగ్రఫీకి ఆద్యుడిగా వైద్యచరిత్రలో నిలిచిన వారు జర్మనీ శస్త్రవైద్యుడు డాక్టర్ ఆల్బర్ట్ సలోమన్. ఆయన 1883లో రోబెల్ అనే చిన్న పట్టణంలో యూదు కుటుంబంలో జన్మించారు. రంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న 1895 నాటికి ఆయన పన్నెండేళ్ల బాలుడు.

బెర్లిన్ విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సాలయంలో పనిచేస్తున్న రోజుల్లో సలోమన్‌ను ఒక ప్రశ్న వేధించింది. రొమ్ములో గడ్డ చేతికి తగిలాకే మహిళలు వైద్యుల వద్దకు వచ్చేవారు. అప్పటికే వ్యాధి చంకలోని లింఫు గ్రంథులకు పాకి ఉండేది. రొమ్మంతా తొలగించినా ప్రాణం దక్కుతుందన్న భరోసా లేదు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకునేందుకు, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు మూడు వేల రొమ్ములను ఆయన పరిశీలించారు. వాటికి ఎక్స్‌రేలు తీసి, అదే కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, రెండింటినీ పోల్చారు. వ్యాపించే కణితికీ, ఒకేచోట గట్టిపడి ఉండే కణితికీ తేడా ఫిల్మ్‌పై కనిపించింది. చేతికి అందని గడ్డ కూడా ఎక్స్‌రేకు చిక్కింది. 1913లో ఈ ఫలితాలను ప్రచురించారు.

ఆ ఎక్స్‌రేల్లో అతి సూక్ష్మమైన చుక్కలు సైతం ఆయన కంటపడ్డాయి. అవి కణితిలో పేరుకున్న సున్నపు రేణువులు. నేడు మామోగ్రామ్ చదివే వైద్యులు ముందుగా వెతికే గుర్తుల్లో అవీ ఒకటి. వాటి ప్రాధాన్యం మాత్రం సలోమన్‌కు స్ఫురించలేదు. అయితే ఆయన చూసినవి తొలగించిన రొమ్ములే తప్ప రోగులను కాదన్నది మరువరాదు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన సైనిక వైద్యునిగా వెళ్లారు. పరిశోధన అక్కడితో ఆగింది.

1926లో భార్య ఆత్మహత్య చేసుకున్నారు. 1930లో గాయని పౌలా లిండ్‌బెర్గ్‌ను వివాహమాడారు. 1933లో నాజీలు అధికారంలోకి రావడంతో విశ్వవిద్యాలయంలో ఆయన స్థానం పోయింది. 1938 నవంబరులో యూదులపై జరిగిన దాడుల అనంతరం ఆయనను జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. పౌలా ప్రయత్నాలతో విడుదలై, 1939లో ఆమెతో కలిసి నెదర్లాండ్స్ చేరారు. 1943లో అక్కడా పట్టుబడ్డారు. వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి దంపతులు తప్పించుకొని, యుద్ధం ముగిసేదాకా అజ్ఞాతంలో గడిపారు.

మొదటి భార్యకు పుట్టిన ఏకైక కుమార్తె షార్లెట్ చిత్రకారిణి. రక్షణ కోసం ఆమెను దక్షిణ ఫ్రాన్సులోని అమ్మమ్మ, తాతల వద్దకు పంపారు. 1943లో ఇరవై ఆరేళ్ల వయసులో ఆమె ఆష్విట్జ్‌లో హతమయ్యారు. ఆమె గీసిన వందలాది చిత్రాలు యుద్ధానంతరం తండ్రి చేతికి అందాయి. వాటిని 1971లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు చారిత్రక మ్యూజియానికి అప్పగించారు.

సలోమన్ వదిలిన పనిని ఇతరులు అందుకున్నారు. ఉరుగ్వే వైద్యుడు రావుల్ లెబోర్న్ సున్నపు రేణువుల అర్థాన్ని విప్పిచెప్పారు. రొమ్మును రెండు పలకల నడుమ అదిమి ఎక్స్‌రే తీస్తే స్పష్టత పెరుగుతుందనీ చూపారు. పరీక్ష వేళ మహిళలు భరించే కాసేపటి నొప్పికి కారణం ఇదే. అమెరికాలో రాబర్ట్ ఈగన్ 1960లో ఎక్స్‌రే తీసే పద్ధతిని మెరుగుపరిచారు. 1963లో న్యూయార్క్‌లో 40 నుంచి 64 ఏళ్ల మధ్యనున్న సుమారు 62 వేల మంది మహిళలతో అధ్యయనం మొదలైంది. ఏటా పరీక్షకు పిలిచిన వర్గంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఎక్స్‌రేను సూక్ష్మదర్శినితో సరిచూడాలన్న సలోమన్ పద్ధతి నేటికీ మారలేదు. మామోగ్రామ్‌లో అనుమానం కలిగినా, ముక్క తీసి పరీక్షించాకే క్యాన్సర్‌ను నిర్ధారిస్తారు.

ఆయన తిరిగి జర్మనీలో స్థిరపడలేదు. 1976లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు.