దాచిన అర్థాల కవి ఉపేంద్ర భంజ



బరంపురంలో కాపురముండే మన తెలుగువారికి భంజ అనే పేరు కొత్త కాదు. విశ్వవిద్యాలయం ఉన్న చోటు భంజ విహార్. గంజాం జిల్లాలో ఒకప్పటి రస్సెల్‌కొండ నేడు భంజనగర్. రస్సెల్ ఒక ఆంగ్లేయ అధికారి. 1835–36లో ఘుముసర్ తిరుగుబాటును అణచడానికి వచ్చినవాడు. ఆయన పేరు తీసి జనం ఒక కవి పేరు పెట్టుకున్నారు. ఆ కవి ఎవరో మన పిల్లలు బడిలో చదువుతున్నారు గాని, ఇంట్లో మనల్ని అడిగితే మనలో చాలామందికి జవాబు ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఉపేంద్ర భంజ ఘుముసర్ రాజవంశానికి చెందినవాడు. స్వస్థలం భంజనగర్ దగ్గరి కుళాడ. 17వ శతాబ్దం చివరి భాగంలో పుట్టి, 18వ శతాబ్దం మొదటి భాగంలో జీవించాడు. తాతగారైన ధనంజయ భంజ రాజు, కవి కూడా. రామకథను కావ్యంగా రాశాడు. అయితే గద్దె కోసం ఆ ఇంట్లో కలహాలు రేగాయి. ఉపేంద్రునికి రాజ్యం దక్కలేదు. ఆయన నయాగఢ్ రాజుల ఆశ్రయంలో ఉండి రచనలు చేశాడు. రాజ్యం లేని ఆ మనిషిని ఒడియావారు కవి సమ్రాట్ అంటారు. రాజ్యం దక్కినవారి పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

ఆయన ప్రసిద్ధ కావ్యం 'వైదేహీశ విలాస' రామాయణ కథ. ఒడియాలో 'బ'తో పలుకుతారు. అందులో 52 సర్గలు. ప్రతి పాదమూ 'బ' అక్షరంతోనే మొదలవుతుంది. 'సుభద్రా పరిణయ'లో ఆ నియమం 'స' అక్షరానిది. 'చిత్రకావ్య బంధోదయ'లో పద్యాల అక్షరాలను బొమ్మల ఆకారంలో అమర్చాడు. పద్యరూపంలో 'గీతాభిధాన' అనే నిఘంటువు కూడా చేశాడు. ఒకచోట ఒకే పద్యంలో మూడు ఋతువులను దాచాడు. ఉన్నది ఉన్నట్టు చదివితే ఒక ఋతువు, పాదాల మొదటి అక్షరం తీసి చదివితే మరొకటి, ఇంకో అక్షరం తీస్తే మూడవది.

దీన్నే శ్లేష అంటారు. మన భాషలో 'కరము' అంటే చెయ్యి, ఏనుగు తొండము, సూర్యకిరణము, పన్ను కూడా. ఇలాంటి మాటలు గుదిగుచ్చి రెండు కథలు ఒకేసారి చెప్పడం మనకూ ఉంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన 'రాఘవపాండవీయము'లో రామాయణ భారతాలు రెంటినీ ఒకే పద్యాలలో నడిపించాడు. 1678లో వెలువడిన బనియన్ గారి 'యాత్రికుని ప్రయాణము' వేరే రకం. అక్కడ యాత్రికుని వీపు మీది మూట పాపభారమని చదువురాని అవ్వకైనా తెలిసిపోతుంది. భంజ కావ్యానికి విప్పి చెప్పేవాడు కావాలి.

అందుకే 1890లలో పెద్ద వాదం లేచింది. ఇది కవిత్వమా, అక్షరాల గారడీయా అని కొందరు, శృంగారం మితిమీరిందని కొందరు ఆక్షేపించారు. రాధానాథ్ రాయ్ వంటి కొత్త కవుల పక్షాన ఒక పత్రిక, భంజ పక్షాన మరొకటి నిలిచి వాదించుకున్నాయి. ఆ ఆక్షేపణలో కొంత నిజం ఉందనే నాకూ తోస్తుంది. కాని అంత కఠినమైన కవి పల్లెవాళ్ల నోట ఎలా నిలిచాడన్నది ఆలోచించాలి.

దానికి జవాబు నాకు ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో ఒక రాత్రి దొరికింది. ఒక పల్లెలో 'పాలా' ప్రదర్శన జరుగుతోంది. గాయకుడు చామరం చేతబట్టి భంజ పద్యం ఒకటి పాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తరువాత ఆయన మాట మాట విడదీసి, ఇదొక అర్థం, ఇదిగో రెండోది అని చెప్పుకుంటూ పోయాడు. నా పక్కన గొంగళి కప్పుకుని కూర్చున్న రైతు నాకంటే ముందే తల ఊపాడు. కవి దాచినదాన్ని గాయకులు తరతరాలుగా విప్పి పంచుతున్నారు. అదీ రహస్యం.

సహోదరులారా, 119వ కీర్తన చూడండి. 22 భాగాలు, భాగానికి 8 వచనాలు. హెబ్రీలో ఒక్కొక్క భాగంలోని ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్ అని కనబడేవి ఆ అక్షరాల పేర్లే. వాటిని ఎన్నో ఏళ్లు చదివాం. అవేమిటో మన పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా?

గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అప్పటినుండి మన పిల్లల చదువు ఒడియాలో, ప్రార్థన తెలుగులో సాగుతోంది. పాత తెలుగు కీర్తనలు వారు రాగం తప్పకుండా పాడతారు. మాటల అర్థం అడిగితే తెల్లముఖం వేస్తారు. ఆ తప్పు వారిది కాదు, చెప్పని మనది. వచ్చే ఆదివారం కీర్తన పాడిన తరువాత అయిదు నిమిషాలు ఆగి, ఒక్క చరణానికి అర్థం చెప్పండి. ఇరుగుపొరుగు ఒడియా సోదరులను భంజ పద్యం ఒకటి విప్పి చెప్పమని అడగండి. వారెంతో సంతోషిస్తారు. చెప్పేవారు ఉన్నంతకాలమే దాచిన అర్థం బ్రతుకుతుంది.